నొప్పికి ఏడుగురు

జక్కరయ్య బిర్యానీ తింటూ దొరికిపోయాడు.

గుంటూరు బస్టాండు దగ్గరి హోటల్లో మూల బల్ల చూసుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అయినా పక్క బల్ల పెద్దావిడ పోల్చేసింది. చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసి లేచి నిలబడింది.

"ప్రభువా!"

హోటలంతా ఇటు తిరిగింది. జక్కరయ్య నోట్లో కోడికాలు ఉంది. తియ్యాలో మింగాలో తెలియలేదు.

"శ్రమల రోజులు కదయ్యా ఇవి," అన్నాడు ఆవిడ భర్త. బాధగా కాదు, కోపంగా. "మేం నీసు మాని పప్పన్నం తింటన్నాం. మీరే ఇట్టా చేస్తే ఇంక మేమెందుకు మానాల?"

"నేను ఏసయ్యను కాదు బాబాయ్. యాక్టర్ని."

"ఆ సంగతి మాకు తెలుసులే. అయినా తినగూడదు."

జక్కరయ్య చెయ్యి కడుక్కున్నాడు. పెద్దావిడ తల వంచి నిలబడింది. ఇంకేం చేస్తాడు, తడి చెయ్యి ఆమె నెత్తిన పెట్టాడు. ఆమె ఏడ్చింది. సగం బిర్యానీ బల్ల మీదే చల్లారిపోయింది.

సినిమా దేవుడికి మన దేశంలో ఆకలి వెయ్యకూడదు. జక్కరయ్య బాపట్ల దగ్గరి పల్లెవాడు. ఎప్పుడో ఓసారి జూనియర్ ఆర్టిస్టుల లారీ ఎక్కి, జనంలో ఒకడిగా నిలబడ్డానికి షూటింగుకి వెళ్లాడు. ఏసు వేషం వెయ్యాల్సిన హీరో ఆ వారం అలిగాడు. డైరెక్టరు జనంలో వెతికి ఇతన్ని బయటికి లాగాడు. నల్లటి ఒంటికి తెల్లరంగు కొట్టారు. నెత్తిన ఎర్రజుట్టు పెట్టారు. గొంతు ఇంకొకడిది అతికించారు. కళ్లు మాత్రం అతనివే ఉంచారు, అవి మార్చడం వాళ్లకి చేతగాక. ఆ కళ్లే అతని కొంప ముంచాయి. సినిమా వ్యానులెక్కి, చర్చిల ముందు కట్టిన తెల్లగుడ్డల మీద ఊరూరా తిరిగింది. ఆ తర్వాత ఎవరూ అతనికి దొంగ వేషం ఇవ్వలేదు, తాగుబోతు వేషం ఇవ్వలేదు. పెళ్లాన్ని కసురుకునే మామూలు మొగుడి వేషం కూడా ఇవ్వలేదు.

పెళ్లాం మాత్రం ఆ సినిమాలోనే దొరికింది. సలోమి అందులో కుష్ఠురోగి. స్వస్థత పొందాక ఇతన్ని పెళ్లి చేసుకుంది.

ఫోను మోగింది. చెల్లెలు హెప్సిబా.

"అన్నా, అత్తకి మళ్లీ ఎక్కువైంది. ల్యాబుకి రా."

*

హెప్సిబా మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. ఊరి బయట ఒక ప్రైవేటు ల్యాబులో ఆమె ఒక పెట్టె తయారుచేసింది. పెట్టెకి ఈ పక్క ఒక టోపీ, ఆ పక్క ఒక టోపీ. ఒకటి రోగికి, ఒకటి మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషికి. రోగి నొప్పి ఈ టోపీలోంచి వెళ్లి ఆ టోపీలో దిగుతుంది. రోగికి రెండు మూడు రోజులు హాయి. రెండోవాడికి ఆ రెండు మూడు రోజులూ నరకం. నొప్పిని మధ్యలో మాయం చెయ్యాలని హెప్సిబా చాలా తంటాలు పడింది. అవతలి కొసన కంప్యూటరు పెడితే నొప్పి వెనక్కి తిరిగి రెండింతలై రోగికే తగిలింది. దానికో ఒళ్లు కావాలి. ఒళ్లు లేనిచోట దిగనంటుంది.

ఆ పెట్టె పుట్టిందే దీనమ్మ కోసం. దీనమ్మ వీళ్లిద్దరి మేనత్త. తల్లి పోయాక ఇద్దర్నీ సాకింది. మిరపచేలల్లో కలుపు తీసే ఆడకూలీల ముఠాకి పెద్ద. ఇప్పుడు క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. ఏ సూదిమందూ ఆమె నొప్పిని పట్టుకోవడం లేదు.

జక్కరయ్య వెళ్లేసరికి దీనమ్మ మంచం పట్టీ కరుచుకుని ఉంది. నెత్తిన టోపీ. రెండో టోపీ హెప్సిబా నెత్తిన. తెర మీద ఎర్రగీత కొండంత ఎత్తున నిలబడి ఉంది. కదలడం లేదు.

"వదులత్తా! నువ్వు వదిల్తేనే కదా వచ్చేది!"

"వదల్ను."

"నేను తట్టుకుంటా."

"నువ్వు తట్టుకుంటావే. నేను తట్టుకోలేను, నువ్వు పొర్లతా ఉంటే చూసి. ఈ నొప్పి పగోడికి గూడా వద్దు, నిన్ను పెంచింది ఇందుకా నేను?" అంది దీనమ్మ, పళ్ల మధ్యనుంచి.

పెట్టెలో లోపం లేదు. లోపం మనుషుల్లో ఉంది, దాన్ని లోపం అనాలో వద్దో మీరే చెప్పండి. నొప్పి ఇచ్చేవాడు మనసులో పిడికిలి విప్పితేగాని అది కదలదు. తన బదులు ఇంకొకరు విలవిల్లాడతారని తెలిసి ఎవరూ విప్పడం లేదు. డబ్బిచ్చి తెచ్చిన మనుషుల్ని కూర్చోబెట్టినా అంతే.

ఆ మధ్యాహ్నం పక్కగదిలో సత్యానందం అనే రిటైరైన రైల్వే గార్డు వంతు కోసం కూర్చుని ఉన్నాడు. ముఖంలో నరం జబ్బు. గాలి తగిలితే చాలు, చెంపకి కరెంటు కొట్టినట్టుంటుంది. జక్కరయ్య ఆ గదిలోంచి వెళ్తుంటే గార్డు చేతులు జోడించాడు.

"ఈయనకైతే ఇస్తానమ్మా," అన్నాడు హెప్సిబాతో.

"ఈయన మా అన్నండీ."

"ఎవరైతే నాకేంటి. ఆ కళ్లు చూస్తే ఇవ్వబుద్ధేస్తంది."

జక్కరయ్య సరదాకి టోపీ పెట్టుకున్నాడు. మరుక్షణం చెంప పట్టుకుని నేల మీద పడ్డాడు. గార్డు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఒక వేలు తన చెంప మీద పెట్టి చూసుకున్నాడు. రెండో వేలు పెట్టాడు. అరచెయ్యి మొత్తం ఆనించాడు.

"అమ్మా, గడ్డం గీసుకోవచ్చా?" అన్నాడు. "ముఖమ్మీద కత్తి ఆనించి ఏడాది దాటింది."

కింద అన్న మెలికలు తిరుగుతున్నాడు. పైన ముసలాయన ఆనందంతో ఏడుస్తున్నాడు. హెప్సిబాకి ఎవరి వైపు చూడాలో తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. మనిషికి ఇవ్వడానికి మొహమాటం. దేవుడికి ఇవ్వడానికి ఏ మొహమాటమూ లేదు. ఆయన పని అదేగా!

తెప్పరిల్లాక జక్కరయ్య పరుగున అత్త దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "నాకియ్యత్తా. నాకైతే వస్తంది."

దీనమ్మ అంత నొప్పిలోనూ నవ్వింది. "నువ్వా ప్రభువ్వి? నీ చీమిడి తుడిచిన చెయ్యిరా ఇది."

ఎర్రగీత ఇంచు కూడా దిగలేదు. లోకమంతటికీ అతను ఏసు. ఆమె ఒక్కదానికే జక్కరయ్య.

*

ల్యాబు చక్రధర్‌ది. ఆ సినిమా తీసిందీ చక్రధరే. సినిమా డబ్బు తెచ్చి ఆసుపత్రి యంత్రాల్లో పెట్టాడు. గార్డు సంగతి విని అదే సాయంత్రం వచ్చాడు. జక్కరయ్య చెంప ఇంకా అదురుతూనే ఉంది.

"రోజుకొకరు చాలు ప్రభువా," అన్నాడు భుజం తట్టి. "నీ చెల్లెలి పరిశోధన ఆగకుండా నేను చూసుకుంటా. మీ అత్తకి దారి దొరికిందాకా."

జక్కరయ్య ఒప్పుకున్నాడు. వచ్చేవాళ్లు రోజూ వచ్చారు. ఒకరోజు కిడ్నీలో రాళ్లు, ఒకరోజు కాలిన ఒళ్లు, ఒకరోజు విరిగిన నడుం. ఒకటి దిగకముందే ఇంకొకటి ఎక్కింది. పేపర్లలో బొమ్మ పడింది. పెట్టెకి జనమే పేరు పెట్టారు, సిలువపెట్టె అని.

సలోమి పొద్దున్నే టీ ఇస్తే గ్లాసు అతని చేతిలోంచి జారిపోయింది.

"ఇవాళ ఎవరి చెయ్యి నీది?" అంది.

"నరసరావుపేట టైలరు. కీళ్లనొప్పులు. పాపం, సూదిలో దారం ఎక్కించి ఎన్నేళ్లయిందో."

"ఆయన ఎక్కిస్తాడులే ఇయ్యాల. నువ్వు మాత్రం చొక్కా గుండీ పెట్టుకోలేవు. ఇటు రా." గుండీలు పెడుతూ అంది, "చిక్కి సగమైపోయినావు. ఆ గుండె దడ ఇందాకట్నుంచి నాకే వినపడతంది."

"సలోమీ, ఒక మాట చెప్తా, తిట్టొద్దు. ఆ సినిమాలో నేను ఎవర్నీ బాగుచెయ్యలా. గుడ్డోడికి గుడ్డితనం లేదు. నీ కుష్టు గూడా రంగే. ఊరూరా జనం కాళ్ల మీద పడతా ఉంటే నేను దొంగోడిలాగా నిలబడ్డా ఇన్నేళ్లు. ఇప్పుడు నిజంగా పోతంది, వాళ్ల నొప్పి."

"పోవట్లా. నీకొస్తంది."

"ఎవరో ఒకరికి రావాలిగా?"

"ఎవరో ఒకరంటే ప్రతిసారీ నువ్వేనా? ఊళ్లో ఇంకెవరికీ ఒళ్లు లేదా?"

జక్కరయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆ రోజు వంతు నెల్లూరు డ్రైవరుది. టైము అవుతోందని వెళ్లిపోయాడు.

*

హెప్సిబా అన్న గుండె గీతలు తీసుకెళ్లి చక్రధర్ బల్ల మీద పరిచింది.

"ఇది చూడండి సార్. తడబడుతోంది. ఇట్లాగే పోతే మనిషి మిగలడు. ఆపెయ్యాలి."

"ఆపుదాం. గుడ్ ఫ్రైడే అయ్యాక." చక్రధర్ కిటికీలోంచి మైదానం వైపు చూపించాడు. అక్కడ కర్రలతో, గోనెపట్టాతో కొండ లేస్తోంది. "ఆ సాయంత్రం లైవు. వందమంది రోగులు, ఒకేసారి. జక్కరయ్య సిలువ మీద ఉంటాడు, నెత్తిన ముళ్లకిరీటం కింద నీ టోపీ. దేశమంతా చూస్తుంది. ఆ తర్వాత మన పెట్టె లేని ఆసుపత్రి ఉండదు."

"చచ్చిపోతాడు!"

"స్పృహ తప్పుతాడు. డాక్టర్లను పెట్టాను. ఆదివారం పొద్దున లేపుతాం."

హెప్సిబా రోజులు లెక్కపెట్టింది. ఈ మనిషి మూడో రోజు సీను కూడా రాసి పెట్టుకున్నాడు.

"నన్ను రాక్షసుణ్ణనుకోకు డాక్టరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ వందమందిలో మా అమ్మ ఉంది. వెన్నుపాము జబ్బు. నీ పెట్టె ముందు కూర్చోబెట్టి నేనే వేరేవాళ్లతో ప్రయత్నించాను. ఎవరికీ ఇవ్వనంది. దేవుడికైతే ఇస్తానంది. నేనేం చెయ్యను?"

"ఇంకో దారి వెతుకుదాం. ఇంకొందరిని..."

"మెస్సయ్య ఒక్కడే ఉంటాడమ్మా. పోస్టరు మీద ఇద్దరుంటే జనం ఎవరికి దణ్ణం పెట్టాలి?"

హెప్సిబా తన గదికి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. చక్రధర్‌ని తిట్టుకుంది గాని, నిజం చెప్పాలంటే ఆ పెట్టెకి అవతలి పక్క ఒక్క టోపీకే చోటు పెట్టింది ఆమే. ఎందుకు పెట్టింది? అక్కడ ఇంకో టోపీ పెట్టొచ్చని ఆమెకి తట్టనే లేదు. పల్లెలో తెల్లగుడ్డ మీద చూసింది ఒక్కణ్ణే. పెద్దయ్యాక చూసిన సినిమాలు కూడా అదే కథని వేషం మార్చి చూపించాయి. చొక్కా చిరిగిన హీరో చేతులు చాపి తుపాకీ గుండ్లకి ఎదురు నిలబడతాడు. గ్రహం పేలిపోతుంటే ఒక్క మరమనిషి లోపల ఉండిపోయి అందర్నీ బయటికి పంపుతుంది. చచ్చినవాడు చివరి రీలులో లేస్తాడు. నవలల్లో కూడా జోస్యం చెప్పిన బిడ్డ ఒక్కడే పుడతాడు, నుదుట గుర్తుతో. మిగతా ఊరంతా ఏం చేస్తుంటుంది? చూస్తుంటుంది. ఏడుస్తుంటుంది. ఏడ్చి ఇంటికెళ్లి అన్నం తింటుంది. ఇన్నేళ్లు ఈ కథే తాగి పెరిగిన పిల్ల యంత్రం చేస్తే దానికి మోసేవాడి టోపీ ఒకటే ఉంటుంది మరి! చదువు మెదడుకి పట్టింది గాని ఆ తెల్లగుడ్డ అంతకంటే లోపలికి పట్టింది.

ఇంత ఆలోచన ఆ రోజు ఆమెకి రాలేదు. ఊరికే పెట్టెని చూస్తూ కూర్చుంది. ఆలోచన వచ్చింది పల్లె చర్చిలో.

*

గుడ్ ఫ్రైడే నాడు చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. ఒక్క పాస్టరే ఏడూ చెప్పేస్తే పల్లె ఒప్పుకోదు. ఒక మాట సంఘపెద్దకి, ఒకటి టీచరుకి, ఒకటి యూత్ వాళ్లకి, ఒకటి ఆడవాళ్లకి. అక్షరం రాకపోయినా వంతు వస్తే లేవాల్సిందే. ఆ యేడు దాహం అడిగిన మాట సలోమికి వచ్చింది.

మైదానానికి వెళ్లేముందు ప్రార్థన చేయించుకుందామని జక్కరయ్య వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కనే హెప్సిబా. బయట చక్రధర్ పంపిన కారు. నాలుగు మాటలు అయ్యాయి. పాస్టరు ఏసురత్నం అయ్యగారు చెయ్యి ఊపారు. సలోమి లేచి చెంగు బొడ్లో దోపుకుంది.

"నాకు ప్రసంగాలు రావు. దాహమేసింది అన్నాడాయన. అంటే అడిగాడు. అంతకుముందు ఆ సిలువ మీద మనుషుల్ని ఏదీ అడగలా. అప్పుడు అడిగాడు. ఒకడు పుల్లటిది ఏదో అందించాడు. మంచిదే. కానీ ఆ కొండమీద ఎంతమంది నిలబడ్డారు? ఆయన ముట్టుకుని బాగుచేసినోళ్లే ఎంతమంది ఉండుంటారు? ఒక్కడన్నా పోయి మేకు పీకాడా? నీ బరువు కాసేపు మేం పడతాం అన్నాడా? చూశారు. ఏడ్చారు. మనమూ సినిమాలో అదే చేశాం. నేనైతే నిజంగానే ఏడ్చా, కుష్టు రంగు కారిపోతంటే. సాయంత్రం మళ్లీ చూడబోతన్నాం. ఈసారి నా మొగుణ్ణి."

చర్చిలో గుసగుసలు లేచాయి. అయ్యగారు, "సలోమీ, బిడ్డా, వాక్యంలో ఉండు," అన్నారు.

"వాక్యంలోనే ఉన్నానయ్యగారూ. ఆయన మాటలు చెప్పటానికే మనకు ఏడుగురం కావాల్సొచ్చింది. నొప్పి మొయ్యటానికి మాత్రం ఒక్కడు చాలా?"

కూర్చుంది. ఆమేన్ కూడా అనలేదు.

హెప్సిబా లేచి నిలబడింది. ఇంకా రెండు మాటలు ఉన్నాయి. అయినా నిలబడింది. "వదినా," అంది చర్చి అందరికీ వినపడేట్టు, "నువ్వు అన్నావు గదా, ఆరుగురిని తెస్తావా? ఇప్పుడే?"

"ఎక్కడికి?"

"అత్త దగ్గరికి."

*

దీనమ్మ అప్పటికే ల్యాబు నుంచి పల్లెకి వచ్చేసింది. పెట్టె ఆమె ఇంటి అరుగు మీదికి వచ్చింది. ల్యాబులో విడిటోపీలు చాలానే ఉన్నాయి. హెప్సిబా తీగలు చీల్చి ఒక్కదాని బదులు ఏడు కట్టింది. కట్టి, చేతులు తుడుచుకుని, వచ్చినవాళ్ల ముందు నిలబడింది. సలోమితో బాటు అయిదుగురు దీనమ్మ ముఠా ఆడవాళ్లు. ఏడోవాడు జక్కరయ్య.

"మీకు అబద్ధం చెప్పను," అంది. "మెదడు దగ్గర ఒక గడప ఉంటుంది. దాని ఎత్తు దాటిన నొప్పినే మెదడు లోపలికి రానిస్తుంది. ఏడుగురికి పంచితే ఒక్కొక్కటీ ఆ గడప దాటలేనంత చిన్నదవ్వాలి. ఇది నా లెక్క. తప్పయితే పంచుకోదు. మొత్తం నొప్పి ఏడుగురికీ నిండా దిగుద్ది. ఎవరూ చేసి చూడలేదు. వెళ్లేవాళ్లు ఇప్పుడే వెళ్లొచ్చు."

వచ్చినవాళ్లలో వయసులో పెద్దది మాణిక్యమ్మ. "దిగితే అందరం కలిసి అరుద్దాం," అంది. "ఈదంతా వినపడుద్ది. పెట్టు."

ఎవరూ వెళ్లలేదు. టోపీలు పెట్టుకున్నారు. దీనమ్మ మంచం మీద నుంచి వాళ్లను చూసి ముఖం తిప్పుకుంది. తెర మీద ఎర్రగీత పైనే ఉంది.

"అత్తా, వదులు," అంది హెప్సిబా.

"ఒక్కదానికే వద్దన్నా. ఏడుగురికి ఇస్తానా? తీసెయ్యండే అవి. ఎల్లిపోండి. నా ఖర్మ నాది."

మాణిక్యమ్మకి కోపం వచ్చింది. టోపీతోనే మంచం దగ్గరికి జరిగింది, తీగ సాగినంత దూరం.

"ఏమే దీనా! నా రెండో కాన్పప్పుడు ఏడో నెల. కలుపులో వెనకపడ్డా. గట్టు మీద రైతు కేకలేస్తన్నాడు. నా వంతు చాళ్లు, నా మునుం, ఎవరు పట్టారు?"

దీనమ్మ దుప్పటి కొస లాక్కుంది.

"నువ్వొక చాలు, ఇదొక చాలు, అదొక చాలు. నా మునుం ముక్కలు చేసి తలాకాస్త పట్టి, నన్ను మీతో సమానంగా గట్టు ఎక్కించారు. అప్పుడు నేను వద్దన్నానా? నా ఖర్మ అన్నానా? అన్నట్టయితే నువ్వు నా నోటిమీద కొట్టి ఉండేదానివి!"

"ఒకళ్లు వెనకపడితే చెయ్యేసేది నువ్వు నేర్పిందే గదత్తా," అంది సలోమి. "ఇది ఇంకో చేను. ఇయ్యాల నువ్వు వెనకపడ్డావు. అంతే. నీ మునుం ఇటియ్యి."

"జబ్బు నాదే," అంది దీనమ్మ మెల్లగా.

"చేను గూడా మాది కాదుగా. పని మాత్రం పంచుకోలా?" అంది మాణిక్యమ్మ.

దీనమ్మ పైకప్పు వైపు చూసింది. ఆమె పిడికిట్లో దుప్పటి కొస ఉంది. పిడికిలి విప్పుకుంది. ఎర్రగీత వణికింది. తర్వాత ఒక్కసారిగా జారిపోయింది.

ఏడుగురూ ఊపిరి బిగబట్టారు. జక్కరయ్య అలవాటుగా నేల మీదికి వంగాడు, పడిపోవడానికి సిద్ధంగా. పడలేదు.

"వచ్చిందా?" అంది హెప్సిబా.

"ఏదో వచ్చింది," అంది మాణిక్యమ్మ, తుంటి రుద్దుకుంటూ. "చీమ పాకినట్టుంది."

"నాకు పంటి కింద రాయి పడ్డట్టుంది."

"నాకసలేం లేదమ్మాయ్. తీగ ఊడిపోలేదు గదా?"

"ఇంతేనా?" అన్నాడు జక్కరయ్య. నెలరోజులుగా ఒక్కడే మోస్తున్న మనిషి. అరుగు మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. "ఇంతేనా సలోమీ?"

"ఇంతే," అంది సలోమి, అతని వీపు మీద చెయ్యి వేసి.

దీనమ్మ ఎవరి సాయం లేకుండా లేచి కూర్చుంది. కాళ్లు మంచం దింపింది. అవి తనవేనా అన్నట్టు చూసుకుంది. "నాకు ఎద్దు కుమ్మినట్టుండేదే," అంది ముఠాతో. "మీకు చీమా?" తర్వాత ఆమెకి కన్నీళ్లు ఆగలేదు.

*

చక్రధర్ ఫోను మీద ఫోను చేశాడు. జక్కరయ్య ఎత్తలేదు. చివరికి సలోమి ఎత్తింది.

"ప్రభువు ఎక్కడ?"

"ఈడ ఏడుగురం ఉన్నాం సార్. మీకు ఎవరు కావాల?"

ఎండ వాలుతుండగా అతనే వచ్చాడు, వెనక అంబులెన్సు వేసుకుని. అందులో తల్లి అనసూయమ్మ పడుకుని ఉంది. అవతల మైదానంలో వేలమంది జనం, ఖాళీ సిలువ. చక్రధర్ అరవడానికి నోరు తెరిచి, అరుగు మీద కూర్చున్న దీనమ్మని చూసి ఆగిపోయాడు. ఆమె ఫైలు అతనికి తెలుసు. ఆమె కూర్చోకూడదు.

హెప్సిబా తెర చూపించి జరిగింది చెప్పింది. అతను విన్నాడు. విని మొదట అడిగింది ఏమిటంటే, "అయితే జనానికి ఎవర్ని చూపించాలి?"

"చూపించటం ఎందుకు సార్?" అంది హెప్సిబా. "ఒక్కో రోగి వెంట ముగ్గురు నలుగురు వచ్చారు. చూడటానికి ఇంకెన్ని వేలమందో వచ్చారు. మనకు మోసేవాళ్లకు కరువు లేదు. టోపీలకే కరువు. మీ డబ్బంతా పెట్టి అవి చేయించండి."

అంబులెన్సులోంచి మూలుగు వినిపించింది. సలోమి ఒక టోపీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మొదటిది మీరు పెట్టుకోండి. మీ అమ్మేగా."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత కంపెనీ పెట్టినవాడు, ఇన్ని టోపీలు అమ్మాలనుకున్నవాడు, ఒక్కదాన్నీ నెత్తిన పెట్టుకుని ఎరగడు. పెట్టుకున్నాడు. జక్కరయ్య పక్కన కూర్చున్నాడు. మాణిక్యమ్మ కూర్చుంది. పాస్టరు ఏసురత్నం అయ్యగారు చెప్పులు విడిచి, "నాకూ ఒకటియ్యండి బిడ్డా," అంటూ వచ్చి కూర్చున్నారు.

రోగి టోపీ అనసూయమ్మ నెత్తికి మారింది. స్ట్రెచరు మీద నుంచి ఆమె కొడుకుని చూసింది. "ఒద్దురా," అంది. "నా బిడ్డ మీద వెయ్యను. ఆ దేవుడొస్తాడన్నావుగా, ఏడీ?"

చక్రధర్ తల వంచుకున్నాడు. తెర మీద గీత ఎత్తుగా నిలబడి ఉంది.

అప్పుడు దీనమ్మ అరుగు దిగింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ స్ట్రెచరు దాకా నడిచింది. వంగి అనసూయమ్మ ముఖంలోకి చూసింది. ఆ నొప్పి ముఖం ఎట్లా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు.

"వాడొక్కడి మీదే కాదులేమ్మా," అంది.

తర్వాత మేనకోడలి వైపు తిరిగి, మోసేవాళ్ల టోపీ కోసం చెయ్యి చాచింది.

"నీకెందుకత్తా, నీదే ఇంకా..." అంది హెప్సిబా.

"నాది మీరు పట్టారుగా. చేతులు ఖాళీగా ఉన్నాయి." గట్టు మీద నిలబడి ముఠాని పిలిచే పాత గొంతుతోనే అంది దీనమ్మ. "ఏదీ, నా మునుం నాకియ్యండి."